మేస్త్రి మాట అర్థం కావాలంటే: విశాఖలో సొంతిల్లు కట్టేవాళ్లకు సైటు పదాలు, వాటి వెనక లెక్కలు

“బేస్‌మెంట్ అయిపోయిందండీ, బిల్లు ఇవ్వండి” అని మేస్త్రి అడిగితే ఏం అయిపోయినట్టు? అపార్ట్‌మెంట్లలో ఉండి వచ్చినవాళ్లకు బేస్‌మెంట్ అంటే నేల కింద కార్లు పెట్టే సెల్లార్. మన సైటులో అది కాదు. పునాది మీద నుంచి ఇంటి నేల మట్టం దాకా లేపిన ఎత్తును బేస్‌మెంట్ అంటారు. అందులోనూ ఒకరి లెక్కలో ప్లింత్ బీమ్, అంటే నేల మట్టం దగ్గర గోడల కింద చుట్టూ వచ్చే బీము, పోస్తే బేస్‌మెంట్ అయిపోయినట్టే. ఇంకొకరి లెక్కలో లోపల గ్రావెల్ నింపి, దిమ్మిస కొట్టి, పైన కాంక్రీట్ బెడ్ వేస్తేనే అయిపోయినట్టు. 24 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న ఇంటికి 3 అడుగుల ఎత్తు నింపాలంటే దాదాపు 3,000 ఘనపుటడుగుల గ్రావెల్ పడుతుంది. ఒక్క పదం తేలకపోతే ఆ ఖర్చు ఎవరి మీద పడాలో తేలదు.

అందుకే పని మొదలుపెట్టే ముందు పదాలు తేల్చుకోండి. అగ్రిమెంట్ పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఒక్కో మాటకు ఇద్దరూ ఒప్పుకున్న అర్థం రాసుకోండి. పని జరిగే వరసలోనే ఆ పదాలు, ఆ దశలో మీరు చూడాల్సినవి ఇక్కడ ఉన్నాయి.

ముందు కొలతలు

గజం అంటే 9 చదరపు అడుగులు. సెంటు అంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు, నాలుగు సెంట్లకు కొంచెం ఎక్కువ. కాంట్రాక్టరు ఎస్‌ఎఫ్‌టీ అంటే చదరపు అడుగు, సీఎఫ్‌టీ అంటే ఘనపుటడుగు, రన్నింగ్ ఫీట్ అంటే పొడవు మాత్రమే. ప్రహరీ గోడ, గ్రానైట్ అంచు పాలిష్ లాంటివి రన్నింగ్ ఫీట్‌లో వస్తాయి.

ఇసుక, కంకర, గ్రావెల్‌కు యూనిట్ అంటే 100 సీఎఫ్‌టీ. లారీ వచ్చినప్పుడు టేపు తీసుకుని తొట్టి లోపలి కొలత మీరే కొలవండి. 14 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు నిండితే 294 సీఎఫ్‌టీ, అంటే మూడు యూనిట్లకు కాస్త తక్కువ. పైన కుప్పగా కనిపించినా మూలల్లో గుంటలు ఉంటాయి కాబట్టి, చదును చేయించాకే ఎత్తు కొలవాలి. తడి ఇసుక ఉబ్బుతుంది. 5 శాతం తేమ ఉంటే పరిమాణం 20 నుంచి 30 శాతం దాకా పెరుగుతుంది. తడి ఇసుకను పొడి ఇసుక లెక్కన కొంటే డబ్బు పోతుంది. అదే కొలతతో మాలు కలిపితే ఇసుక తగ్గి పాళ్లు తప్పుతాయి.

పాత మేస్త్రులు రాడ్డు మందం సూత్‌లలో చెబుతారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూత్‌లు 10 ఎంఎం, నాలుగు 12 ఎంఎం, ఐదు 16 ఎంఎం.

అగ్రిమెంట్‌లో డబ్బు దాక్కునే మాటలు

“ఎస్‌ఎఫ్‌టీకి ఇంత” అన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న: ఏ ఏరియా మీద? కార్పెట్ ఏరియా అంటే గోడల మధ్య తిరగగలిగే నేల. ప్లింత్ ఏరియా గోడల మందంతో కలిపి బయటి అంచు నుంచి బయటి అంచుకు. శ్లాబ్ ఏరియా అంటే బాల్కనీ, ముందుకు వచ్చిన భాగం అన్నీ కలిపి పోసిన మొత్తం శ్లాబు. పైన చెప్పిన 24, 45 ఇంటికి ప్లింత్ ఏరియా 1,080. ముందు నాలుగు అడుగుల బాల్కనీ ఉంటే శ్లాబ్ ఏరియా 1,176. ఒక్కో అంతస్తుకు 96 అడుగుల తేడా. రెండు అంతస్తులకు 192 అడుగుల రేటు ఎంతో మీరే వేసుకోండి.

“లేబర్ కాంట్రాక్ట్” అంటే కూలి మాత్రమే. అందులో కూడా సెంట్రింగ్ (కాంక్రీట్ గట్టిపడే దాకా మోసే పలకలు, కర్రలు) సామాను ఎవరిది, మిల్లరు (కాంక్రీట్ కలిపే యంత్రం), వైబ్రేటరు (పోసిన కాంక్రీట్‌ను కుదిపి సర్దే యంత్రం) అద్దె ఎవరిది, కరెంటు, నీళ్లు ఎవరివి అన్నది రాయాలి. “మెటీరియల్‌తో” అంటే సామాను కూడా కాంట్రాక్టరుదే. అప్పుడు సిమెంటు, ఇనుము, వైరు, పైపు, టైల్స్ ఏ బ్రాండో, టైల్స్‌కు ఎస్‌ఎఫ్‌టీకి ఎంత ధర దాకా వేస్తారో పేర్లతో ఉండాలి. సంప్, సెప్టిక్ ట్యాంక్, ప్రహరీ, మేడ మీద మెట్ల గది, చెద మందు, పిట్టగోడ రేటులో ఉన్నాయో లేవో ఒక్కొక్కటీ విడిగా రాయించండి. తగాదాలు ఎక్కువగా వచ్చేది వీటి దగ్గరే.

ముగ్గు నుంచి ఫుటింగ్ దాకా

మార్కింగ్ రోజు సున్నంతో ముగ్గు పోస్తారు. మూలలు మూలమట్టంగా వచ్చాయో లేదో మీరే చూడొచ్చు. 24, 45 దీర్ఘచతురస్రానికి ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టండి, సరిగ్గా 51 అడుగులు రావాలి. రెండో కర్ణం కూడా 51 రావాలి. ఒకటి 50 అడుగుల 10 అంగుళాలు, ఒకటి 51 అడుగుల 2 అంగుళాలు వస్తే ఇల్లు వంకరగా లేస్తుంది. ఆ తేడా గదిలో టైల్స్ పరిచినప్పుడు గోడ పక్కన ముక్కోణపు ముక్కల రూపంలో బయటపడుతుంది. ఇంటి కొలత వేరైతే 3, 4, 5 సూత్రం చాలు: మూల నుంచి ఒక దారం మీద 3 అడుగులు, ఇంకో దారం మీద 4 అడుగులు గుర్తు పెడితే వాటి మధ్య 5 అడుగులు రావాలి.

ఎస్‌బీసీ అంటే ఆ నేల ఎంత బరువు మోయగలదన్న లెక్క. విశాఖలో ఇది వీధి వీధికీ మారిపోతుంది. కొండ పక్కన రాయి తగులుతుంది. ఎర్ర గ్రావెల్ గట్టి నేల. పూడ్చేసిన గెడ్డ మీదో, చెరువు మీదో ఉన్న లేఅవుట్‌లో ఆరేడు అడుగులు తవ్వినా చెత్తమట్టే వస్తుంది. మధురవాడ, కొమ్మాది వైపు వాలు స్థలాల్లో ఇంకో చిక్కుంది. సగం స్థలం కొండ కోసిన కటింగ్, సగం పోసిన మట్టి, అంటే ఫిల్లింగ్. కొన్ని ఫుటింగులు (స్తంభాల కింద పోసే దిమ్మలు) రాతి మీద, కొన్ని పోసిన మట్టి మీద ఆనితే మట్టి వైపు దిగుతుంది, రాతి వైపు దిగదు. ఇల్లు మధ్యలో ఏటవాలు పగుళ్లు వచ్చేది అందుకే. ఫిల్లింగ్ వైపు గుంటలు అసలు నేల తగిలే దాకా దింపాల్సిందే. “నాలుగడుగులు తవ్వాం, చాలు” అన్న మాటకు ఒప్పుకోకండి. లోతు నిర్ణయించేది నేల. గుంట అడుగు చూడకుండా ఇంజనీరు సరే అనకూడదు.

గుంట అడుగున వేసే పల్చటి కాంక్రీట్ పీసీసీ. సాధారణంగా 4 అంగుళాలు, సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్లు. దీనికి ఇనుము ఉండదు. దాని మీద ఇనుప జాలీ పెట్టి పోసేది ఫుటింగ్. ఫుటింగ్‌కు అడుగున కనీసం 50 ఎంఎం కవర్ కావాలి, అంటే జాలీ పీసీసీకి ఆనకుండా రెండు అంగుళాలు పైకి ఉండాలి. ఫుటింగ్ మీద కాలమ్, అంటే స్తంభం, నిలబెట్టే ముందు పోసే నాలుగైదు అంగుళాల చిన్న దిమ్మ స్టార్టర్. కాలమ్ సెంటరు తప్పకుండా పట్టి ఉంచేది అదే. ఇది వంకరైతే పైన మూడంతస్తుల దాకా వంకరే.

ప్లింత్ లెవెల్‌ను, అంటే ఇంటి నేల మట్టాన్ని, రోడ్డులో మీ గేటు ముందు ఎత్తైన చోటు నుంచి కొలవండి. వాలు వీధిలో పల్లం వైపు నుంచి కొలిస్తే మూడడుగులు ఉన్నట్టే అనిపిస్తుంది, మెరక వైపు వాన నీరు గుమ్మం దాకా వస్తుంది. రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుందన్నది కూడా లెక్కలో ఉంచుకోండి.

లోపల గ్రావెల్ 6 నుంచి 9 అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టాలి. మూడడుగులు ఒకేసారి పోసి పైన నీళ్లు పెడితే పై పొర మాత్రమే బిగుస్తుంది. రెండేళ్లకు హాల్లో టైల్స్ కింద బోలు చప్పుడు వస్తుంది, తర్వాత నేల దిగుతుంది.

కాంక్రీట్, ఇనుము, కవర్: సముద్రం పక్కన ఇంటికి ప్రాణం ఇక్కడే

ఎం20, ఎం25, ఎం30 అన్న అంకె 28 రోజుల తర్వాత కాంక్రీట్ తట్టుకోవాల్సిన ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అని. 1:1.5:3 పాళ్లు ఎం20కి. అంతకంటే పై గ్రేడులకు మిక్స్ డిజైన్, అంటే పరీక్షించి పాళ్లు తేల్చడం, చేయించాలి. భారత ప్రమాణం ఐఎస్ 456 సముద్ర తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీట్‌ను సివియర్ (తీవ్రమైన) కోవలో పెట్టింది. దానికి కనీసం ఎం30, క్యూబిక్ మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతు మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లే, ఇసుకలో ఉన్న తడితో కలిపి. ఉప్పుగాలి నేరుగా తగలని చోట మోడరేట్ (మధ్యస్థ) కోవ: ఎం25, 300 కిలోలు, 0.50. మీ స్థలం ఏ కోవలోకి వస్తుందో డ్రాయింగ్ మీదే ఇంజనీరు చేత రాయించుకోండి.

ఆ 22 లీటర్ల నీళ్లతో కలిపిన మాలు గట్టిగా ఉంటుంది, పని కష్టం. అందుకని మనుషులు ఇంకో బకెట్ పోస్తారు. ఎక్కువైన నీళ్లు ఆరాక సన్నటి రంధ్రాలు మిగులుతాయి. మన ఊళ్లో ఆ రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లేది ఉప్పు. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ వాడాలి, నీళ్లు కాదు. ప్లాంటులో కలిపి తెచ్చే రెడీమిక్స్ లారీ వస్తే డ్రమ్ములోకి పైపు పెట్టి నీళ్లు వదలనివ్వకండి. చలానాలో గ్రేడు, బయలుదేరిన సమయం చూడండి.

బీచ్‌కు దగ్గర బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా వాడొద్దు. ఇనుమున్న కాంక్రీట్‌కు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. సముద్రపు ఇసుక ఎంత చవగ్గా వచ్చినా సైటులోకి రానివ్వకండి.

ఇనుము మీద ఎఫ్‌ఈ 500డి అని ఉంటే 500 దాని బలం, డి అంటే విరక్కుండా సాగే గుణం ఎక్కువని. బరువుకు ఒక సులువైన లెక్క ఉంది. మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎంఎం మీటరుకు 0.395, 10 ఎంఎం 0.617, 12 ఎంఎం 0.888, 16 ఎంఎం 1.58. పూర్తి రాడ్డు 12 మీటర్లు కాబట్టి 8 ఎంఎం రాడ్డు 4.74 కిలోలు, 12 ఎంఎం రాడ్డు 10.66 కిలోలు తూగాలి. పది రాడ్లు తూచి చూడండి. చిన్న మందాలకు 7 శాతం దాకా, 12, 16 ఎంఎంలకు 5 శాతం దాకా తేడా ప్రమాణంలోనే ఒప్పుకుంటారు, అంతకు మించితే వెనక్కి పంపండి.

ఇక కవర్. ఇనుముకూ కాంక్రీట్ బయటి ముఖానికీ మధ్య ఉండే మందమే కవర్. మోడరేట్‌కు 30 ఎంఎం, సివియర్‌కు 45 ఎంఎం, కాలమ్‌లకు ఎక్కడైనా కనీసం 40 ఎంఎం. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు వైపు పాత డాబాల కింద నిలబడి సన్‌షేడ్ల అడుగు భాగం చూడండి: రాడ్డు పొడవునా కాంక్రీట్ పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఇనుము గీతల్లా వేలాడుతుంటుంది. ఉప్పు ఇనుము దాకా చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. లోపల చోటు లేక కాంక్రీట్‌ను పగలగొట్టి బయటికి వస్తుంది. సన్‌షేడ్ మొదట పోవడానికి కారణం అది పల్చన, దాని కింద కవర్ బ్లాకులు (ఇనుమును ఎత్తి ఉంచే చిన్న సిమెంటు దిమ్మలు) పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు, గాలి రెండు వైపులా తగులుతుంది.

కాబట్టి శ్లాబు పోసే ముందు రోజు సాయంత్రం టేపు తీసుకుని మేడ ఎక్కండి. ఇవి చూడండి:

- కవర్ బ్లాకులు మూడడుగులకొకటి ఉన్నాయా? రాయి ముక్కలు, టైల్ ముక్కలు పెట్టి ఉంటే తీయించండి, అవి జారిపోతాయి.
- చైర్లు ఉన్నాయా? పై రాడ్లను పైనే నిలబెట్టే వంచిన ఇనుప ముక్కలివి. బాల్కనీలో ఇనుము పై వైపు ఉండాలి. చైర్లు లేకపోతే మనుషులు తొక్కి కిందికి దింపేస్తారు. బాల్కనీలు విరిగిపడేది దీనివల్లే.
- కాలమ్, బీము రాడ్లను చుట్టి పట్టే రింగుల కొక్కేలు 135 డిగ్రీలు లోపలికి వంచి ఉన్నాయా? 90 డిగ్రీలకు వదిలేస్తే బరువు వచ్చినప్పుడు విచ్చుకుంటాయి.
- ల్యాప్, అంటే రెండు రాడ్లు ఒకదాని పక్కన ఒకటి కలిసే పొడవు, మందానికి 50 రెట్లు ఉందా? 12 ఎంఎంకు 600 ఎంఎం, రెండు అడుగులు. అన్ని ల్యాపులూ ఒకే చోట రాకూడదు.
- కరెంటు పైపులు కట్టల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా పోతున్నాయా?
- సెంట్రింగ్ కింద సరుగుడు కర్రలైనా జాకీలైనా నిటారుగా ఉన్నాయా, అడుగున మెత్తటి మట్టిలో దిగబడకుండా పలక ముక్క ఉందా?

పోసే రోజు వైబ్రేటర్ ఇంకొకటి తయారుగా ఉండాలి. వైబ్రేటర్ సరిగ్గా పెట్టకపోతే సెంట్రింగ్ విప్పాక కంకర బయటికి కనబడుతూ గుల్లగా ఉంటుంది. దాన్ని ఆ రోజే సిమెంటు పూసి కప్పేస్తారు. కాబట్టి విప్పేటప్పుడు మీరు అక్కడ ఉండండి.

సెంట్రింగ్ విప్పడానికి కనీస గడువులు: కాలమ్ పక్కలు 16 నుంచి 24 గంటలు. ఆనికల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న శ్లాబుకు కింది పోట్లు (నిలబెట్టిన కర్రలు, జాకీలు) 7 రోజులు, అంతకు మించితే 14. ఆరు మీటర్ల లోపు బీముకు 14 రోజులు, ఆపైన 21. ఇవి మామూలు ఓపీసీ సిమెంటుకు. పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు), స్లాగ్ సిమెంటు (ఇనుము కొలిమి చిట్టెం కలిపింది) వాడితే ఇంకొన్ని రోజులు ఆగాలి. ఉప్పును ఆపడంలో స్లాగ్ సిమెంటు మంచిదే, కానీ మొదట్లో నెమ్మదిగా బలపడుతుంది. క్యూరింగ్ కూడా అలాగే: శ్లాబు మీద మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెట్టడం ఓపీసీకి 10 రోజులు, మిగతావాటికి 14 రోజులు. కాలమ్‌లకు గోనెపట్టా చుట్టి తడపండి, పైపుతో రోజుకు రెండుసార్లు చిమ్మితే మన ఎండకు గంటలో ఆరిపోతుంది.

గోడలు, పూత

పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద దగ్గర్లోనే ఉండటంతో ఇక్కడ ఫ్లైయాష్ ఇటుక విరివిగా దొరుకుతుంది. తొమ్మిది అంగుళాల గోడకు సిమెంటు, ఇసుక 1:6 మాలు. నాలుగున్నర అంగుళాల గోడకు 1:4, మూడు నాలుగు వరసలకోసారి సన్న రాడ్డు వేయాలి. రోజుకు నాలుగైదు అడుగులకు మించి లేపనివ్వకండి. కిటికీ కింది అంచు సిల్, తలుపు కిటికీల మీద పడే బీము లింటెల్, నేల నుంచి మామూలుగా 7 అడుగులు. లింటెల్ రెండు వైపులా గోడ మీద కనీసం 6 అంగుళాలు ఆనాలి.

గోడ కాలమ్‌ను, బీమును కలిసే చోట నిలువునా సన్న పగులు రావడం చాలా ఇళ్లలో చూస్తాం. రెండూ వేరు వేరుగా సాగి ముడుచుకుంటాయి. పూతకు ముందు ఆ అతుకు మీద 6 అంగుళాల వెడల్పున సన్న వైరు మెష్ కొట్టించండి. బీము నున్నగా ఉంటే గాట్లు పెట్టిస్తేనే పూత పట్టుకుంటుంది. లోపల పూత 12 ఎంఎం, బయట రెండు కోట్లలో 20 ఎంఎం. నాలుగు అడుగుల బద్ద పెట్టి చూస్తే గోడలో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. లప్పం పెట్టి సరిచేస్తామంటే ఒప్పుకోకండి, లప్పం నున్నదనానికే.

సన్‌షేడ్, బాల్కనీ అంచు అడుగున నీటి గాడి పెట్టించండి. సముద్రం వైపు నుంచి కొట్టే వాన నీరు అంచు దాటి లోపలికి పాకకుండా అక్కడే చుక్కగా రాలిపోతుంది.

బాత్రూమ్, మెట్లు

పైపులు పోవడానికి బాత్రూమ్ దగ్గర శ్లాబు దింపి పోస్తే అది సన్‌కెన్ శ్లాబ్. నేల నీళ్లు దిగే జాలీ కింద ఉండేది నహానీ ట్రాప్, బయట మురుగు లైనులో కలిసే ముందు వచ్చేది గల్లీ ట్రాప్. ట్రాప్‌లో నిలిచిన నీళ్లే కంపును ఆపుతాయి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక పైపులు మూసి, 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింది నుంచి చూడండి. తడి కనిపిస్తే ఇప్పుడే తవ్వించండి. కమోడ్ ఏదో ముందే కొని, గోడ నుంచి పైపు మధ్యకు ఎంత దూరం కావాలో ప్లంబరుకు చెప్పండి. టైల్స్ వేయకముందే ప్రతి గోడకూ టేపు ఆనించి పైపుల ఫొటోలు తీసి ఉంచుకోండి.

మెట్టులో కాలు పెట్టే చోటు ట్రెడ్, ఎత్తు రైజర్. అంతస్తు ఎత్తు 10 అడుగుల 6 అంగుళాలైతే 126 అంగుళాలు. 18 రైజర్లు పెడితే ఒక్కోటి 7 అంగుళాలు. ట్రెడ్ కనీసం 10. కింద నేలకు పరుపు, టైల్ కలిపి 3 అంగుళాలు పెరుగుతుందని మరిచి మెట్లు పోస్తే మొదటి మెట్టు 4 అంగుళాలకు కుదించుకుపోతుంది, మిగతావి 7 ఉంటాయి. అక్కడే పెద్దవాళ్లు తడబడి పడతారు. మెట్ల పలకలు కొట్టే ముందు కింద, పైన పూర్తయిన నేల మట్టం గోడ మీద గీత గీయించండి, లెక్క ఆ గీతల మధ్యే వేయాలి.

చివరి బిల్లు

రిటెన్షన్ అంటే పని అయ్యాక కూడా కొంత డబ్బు ఆపి ఉంచడం. మొత్తంలో 5 శాతం అని అగ్రిమెంట్‌లో ముందే రాసుకోండి, తేదీ కూడా రాయండి. విశాఖలో ఆ తేదీ డిసెంబరులో ఉండాలి. మన మీదికి గాలివానలు బలంగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లో. 2014లో హుద్‌హుద్ తుపాను తీరం దాటింది అక్టోబరు 12నే. ఆ వానలకు కిటికీ అంచులు, పిట్టగోడ అతుకు, మెట్ల గది పైకప్పు, మేడ మీద నీళ్లు దిగే పైపు నోరు ఒక్కొక్కటీ తడిసి ఆరాక, గోడల మీద మచ్చలు ఎక్కడ పడ్డాయో మేస్త్రిని పిలిచి చూపించి, సరిచేశాక ఇవ్వండి.